గాలి తగిలే వైపు

గోడ గడియారంలో పదీ ఎనిమిది. నా చేతి గడియారంలో పదీ పదకొండు. ఏది సరైనదో తెలియక రెండింటినీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను. పదకొండింటికి ఐసీయూ తలుపు తెరుస్తారు, అరగంట తెరిచి ఉంచుతారు, పసుపు గౌను తొడుక్కుని ఒక్కో మనిషిని చూడటానికి ఇద్దరు చొప్పున వెళ్లొచ్చు. మా చెల్లెలు అ-థోకి ఇద్దరు లేరు, నేనొక్కదాన్నే. ఆ తలుపు తెరిచేలోపు నేనొక మాట చెప్పాలి. డాక్టర్ లియావ్ పొద్దున వచ్చి, నా కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, చెవి దగ్గరగా, నిదానంగా చెప్పాడు. ఇవాళ పదమూడో రోజు, జ్వరం పోయింది, రక్తం బాగుంది, గొంతులో గొట్టం ఇవాళ తీసి చూద్దాం, తనంతట తాను ఊపిరి తీసుకుంటుందనే నా నమ్మకం, అన్నాడు. తీశాక నిలవలేకపోతే ఏం చెయ్యాలో మాత్రం ముందే చెప్పి సంతకం పెట్టమన్నాడు. ఇవాళ కూడా వద్దంటే రేపు గొంతుకు రంధ్రం చేసేవాళ్లు వస్తారట, గొట్టం నోట్లోంచి తీసి అందులో పెడతారట, తర్వాత ఎన్ని నెలలో ఎవరూ చెప్పలేరట. మొన్న అడిగాడు, ఇంకొక్క రోజు ఉండనివ్వండి అన్నాను. నిన్న అడిగాడు, ఇంకొక్క రోజు అన్నాను. ఇవాళ అడిగి, జవాబు కోసం నిలబడకుండా, పదకొండింటికి వస్తానమ్మమ్మా అని లోపలికి వెళ్లిపోయాడు. మంచి కుర్రాడు. బూటు తాడు ఒకటి ఊడిపోయి ఉంది, చెబుదామనుకునేలోపే తలుపు మూసుకుంది, అప్పటినుంచి దాన్ని తొక్కి పడిపోతాడేమోనని ఒక భయం.

అ-థో గొంతు మా బజారులో అందరికీ తెలుసు. తెల్లవారకముందే అమ్మకానికి పాలబొంత చేప గంజి కలుపుతూ కేకేసిందంటే చేపల షెడ్డు దగ్గరున్నవాడు కూడా ఉలిక్కిపడి, వస్తున్నా వస్తున్నా అంటాడు. ఆ గొంతుకు రంధ్రం. వద్దు అనుకుంటాను. అనుకున్న వెంటనే గొట్టం తీసేస్తే ఆ ఛాతీ లేవకుండా ఉండిపోవడం కనిపిస్తుంది, అప్పుడు అదీ వద్దు అనుకుంటాను. ఈ రెండు వద్దుల మధ్య రెండు రోజులు గడిపాను. యంత్రం మీద పచ్చ పొట్లం ఉంది కదా, యంత్రం బాగానే పని చేస్తోంది కదా, బాగా పని చేస్తున్నదాన్ని ఎందుకు కదపాలి? మొదటి రోజే పై-లింగ్ అనే నర్సును బతిమాలి, ప్లాస్టిక్ సంచిలో వేసి, వెంటిలేటర్ నెత్తిన టేపుతో అంటించాను. కొబ్బరి రుచి మొక్కజొన్న అటుకుల పొట్లం, పచ్చరంగుది, తేదీ ఇంకా నాలుగు నెలలుంది, మూడుసార్లు చూసి కొన్నాను. పై-లింగ్ నవ్వలేదు. మిగతా యంత్రాల మీద కూడా ఉన్నాయమ్మమ్మా, మీరు తేదీ చూశారు కదా, అని మాత్రం అడిగింది. మా దగ్గర యంత్రమున్న చోటల్లా పచ్చ పొట్లం ఉండాలి, ఆ పొట్లం పేరుకే బుద్ధిగా ఉండు అని అర్థం, అలా ఉండమని యంత్రానికి చెప్పాలి. పసుపుది పెట్టకూడదు, ఎర్రది పెట్టకూడదు, తేదీ దాటింది అసలే పెట్టకూడదు. మా ల్యాబ్‌లో నేను పని చేసిన ఇరవై నాలుగేళ్లూ ఆ పొట్లాలు మార్చింది నేనే. వైరస్ గురించి వెయ్యి పేజీలు చదివిన పిల్లలు కూడా కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తీసేముందు ఆ పొట్లం వైపు ఒకసారి చూసేవాళ్లు. ఒక కొత్త కుర్రాడు దుకాణంలో పచ్చవి లేవని పసుపుది తెచ్చి పెట్టాడు, ఆ వారమే ఇంక్యుబేటర్ వేడెక్కి ఆగిపోయింది. చదువు అయిపోయి వెళ్లేవరకు ఆ కుర్రాణ్ని అందరూ పసుపన్నయ్య అనే పిలిచారు.

ఇంక్యుబేటర్లో మేం పెంచింది ఊపిరిగొట్టం లోపలి పొరని. ఎవరి ముక్కులోంచో, ఎవరి ఆపరేషన్‌లోంచో వచ్చిన కాసిని కణాలు. వేలిగోరంత గిన్నె, దానికి అడుగున జల్లెడ లాంటి పలచని పొర, ఆ పొర మీద అవి, కింద గులాబీ రంగు ద్రవం. నేను నలభై ఒకటో ఏట ఆ ల్యాబ్‌లో సీసాలు కడగడానికి చేరాను. చదువు మూడో తరగతి. కడిగిన సీసాల మీది అక్షరాలే మళ్లీ చదవడం మొదలుపెట్టించాయి, తర్వాత నిఘంటువు, తర్వాత ల్యాబ్ నడిపే ప్రొఫెసర్ షుయె చెత్తబుట్టలో వేసిన కాగితాలు. ఆవిడ ఒకరోజు నేను కాగితం సాపు చేసి చదువుతుంటే చూసింది. మర్నాటి నుంచి నలపకుండా వేసేది. అలా తెలిసింది నాకు, మనిషి లోపల ఇంత పని జరుగుతోందని. ఊపిరిగొట్టం అంటే వట్టి గొట్టం అనుకున్నాను, నీళ్ల పైపులాగా. కాదట. లోపలంతా కణాలు ఇటుకల్లా కాదు, నాట్లు వేసిన మడిలా నిలబడి ఉంటాయి. ఒక్కో దాని తల మీద రెండు మూడొందల సన్నని నూగు, వాటి మధ్య జిగురు చేసే కణాలు, అన్నిటి కింద పొట్టిగా, ఎవరి కంటా పడకుండా, పునాది కణాలు. నూగు ఊగుతుంది, ఆగదు, మనం నిద్రపోయినా ఆగదు, ఊగుతూ పైనున్న జిగురును గొంతు వైపు తోస్తుంది. మనం పీల్చిన దుమ్ము, పొగ, పక్కవాడి తుమ్ము, అన్నీ ఆ జిగురుకు అంటుకుని పైకి వచ్చేస్తాయి. మొదటిసారి ప్రొఫెసర్ నన్ను సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెట్టినప్పుడు చూశాను. గాలికి వరిచేను ఒక చివర నుంచి ఇంకో చివరకు వంగుతూ పోయినట్టుగా ఉంది. ఎవరిది ఇది, అని అడిగాను. ఎవరిదో తెలియదు పిన్నీ, మనకు అంకె మాత్రమే ఇస్తారు, అంది. ఎక్కడో ఉన్న మనిషి, ఉన్నాడో పోయాడో, అతని గొంతులోని చేను నా కళ్లముందు ఊగుతోంది. ఆ రోజు అన్నం సయించలేదు.

పదీ ఇరవై. పక్క కుర్చీలో పెద్దాయన జామకాయ కోసి ఒక ముక్క ఇచ్చాడు, లోపల ఆయన భార్య. తీసుకున్నాను, తినలేదు, చేతిలో తడిగా ఉంది.

జబ్బు వచ్చినప్పుడు అవి చేసే పని చూడాలి. ఇప్పుడు అ-థో లోపల జరుగుతున్నది అదే, పదమూడు రోజులుగా అదే, అందుకే నాకు కళ్లు మూసినా కనిపిస్తోంది. చలిగాలి దిగిన వారం అ-థోకి జలుబు చేసింది, గంజి పొయ్యి దగ్గర నిలబడే దానికి జలుబేంటని ఎగతాళి చేశాను, అది తిరిగి నన్నే తిట్టింది, మూడో రోజుకు ఊపిరితిత్తుల్లోకి దిగిపోయింది. గిన్నెల్లో మేం పైనుంచి రెండు చుక్కలు వైరస్ వేసేవాళ్లం. వైరస్ దూరిన మొదటి కణం తను దక్కదని తెలిసీ ఊరుకోదు. చచ్చేలోపు పక్కవాటికి చాటింపు వేస్తుంది. ఆ చాటింపు విన్న కణాలు, తమకింకా ఏమీ కాకముందే, లోపల తలుపులన్నీ బిగించుకుంటాయి. జిగురు కణాలు ఉన్నదంతా కక్కేస్తాయి, కింద నెత్తురులో తిరిగే తెల్లకణాలకు దారి ఇవ్వడానికి పక్కపక్కన బిగించి పట్టుకున్న చేతులు కాస్త సడలిస్తాయి. అందుకే వాపు, అందుకే మంట, అందుకే గొంతులో ముళ్లు. మనం జబ్బు అని తిట్టుకునేదాంట్లో సగం వాటి కష్టం. ఆ కష్టం ఎక్కువైతే అదీ ప్రమాదమే, చాటింపు ఆపడం తెలియకపోతే ఇల్లే కాలుతుంది. ప్రొఫెసర్ ఎన్నేళ్లు దాని మీదే కూర్చుందో. ఎప్పుడు మొదలుపెట్టాలో అన్నిటికీ తెలుసు పిన్నీ, ఎప్పుడు ఆపాలో తెలిసినవే బతుకుతాయి, అనేది.

ఇంకొకటి ఉంది, అది చదివిన రోజు నేను ల్యాబ్ వెనక మెట్ల మీద కూర్చుండిపోయాను. చావబోతున్న కణం ఊడిపోతే పొరకు చిల్లు పడాలి కదా. పడదు. అది ఇంకా ఉండగానే చుట్టూ ఉన్నవి దాని కిందుగా చేతులు చాపి, ఒకదాన్నొకటి పట్టుకుని, సంచి మూతి తాడు లాగినట్టు మెల్లగా బిగించి, దాన్ని పైకెత్తి గాలివైపుకి వదిలేస్తాయి. అది వెళ్లేసరికి కింద ఖాళీ ఉండదు. ఎన్ని పోయినా, నూగున్నవన్నీ పోయినా, చివరికి పునాది కణాలు పడుకున్న చోటు నుంచి లేచి, చపాతీలా పలచబడి, పాకి, ఖాళీని కప్పేస్తాయి. తర్వాత రెండవుతాయి, నాలుగవుతాయి, నిలబడతాయి, మూడు నాలుగు వారాలకు మళ్లీ నూగు. ఇంత మర్యాదగా ఒకరిని సాగనంపడం మనుషులకు తెలిస్తే బాగుండేదనుకున్నాను ఆ మెట్ల మీద.

మా అమ్మకు తెలియదు. అప్పుడు నాకు ఏడేళ్లు, అ-థోకి రెండు. నా పేరే బాంగ్-యో, ఆడపిల్లే పుట్టింది, సరే పెంచుదాం, అని దాని అర్థం, మా తరంలో ఆ పేరు వీధికి ఇద్దరికుండేది. నా తర్వాత మళ్లీ ఆడపిల్ల అయ్యేసరికి పెంచుదాం అనడానికి కూడా ఇంట్లో ఏమీ మిగల్లేదు. చెల్లిని వీపున కట్టుకుని చెరకు రైలు స్టేషన్‌కి పో, నీలం గొడుగు పట్టుకున్న ఆవిడ ఉంటుంది, ఆవిడకిచ్చి రా, అంది అమ్మ, కూర చేతికిచ్చి పక్కింట్లో ఇచ్చి రమ్మన్నట్టు. తను రాలేదు. ముడి నేనే విప్పాను. రొమ్ము మీద అడ్డంగా వేసిన ముడి, చెమటకు తడిసి బిగుసుకుపోయింది, పళ్లతో లాగాను. అ-థో నిద్రలో ఉంది. నీలం గొడుగావిడ చంకకెత్తుకుంటే బుగ్గ ఆవిడ భుజానికి ఆన్చుకుంది, ఎవరి భుజమో చూడలేదు. రైలు కదిలింది. నా వీపంతా తడి, అ-థో చెమటో ఇంకోటో, గాలి తగిలేసరికి చల్లగా అయింది. ఆ చలి నాకు అరవై ఏడేళ్లుగా ఉంది. ఎవరింటికి పోయినా గోడకు వీపు ఆన్చి కూర్చుంటాను, ఇదిగో ఇక్కడ కూడా.

అందుకే కాబోలు పనిలో ఒక తప్పు చేశాను. చేరిన మొదటి సంవత్సరం, గిన్నెల్లో కణాలు నిండుగా పరుచుకున్నాక ప్రొఫెసర్ పైనున్న ద్రవాన్ని పిపెట్‌తో లాగేసి, ఇక పైన ఏమీ పొయ్యకూడదు, కింద మాత్రమే మార్చాలి, అని చెప్పి వెళ్లింది. ఆ వారాంతం తుపాను, కాలేజీ మూసేశారు. నాకు మనసు నిలవలేదు. పన్నెండు గిన్నెలు, పన్నెండు తడారిన మొహాలు. చీపురుపుల్లలు ఎగిరొచ్చి తగిలే గాలిలో గొడుగు విరగ్గొట్టుకుని వెళ్లి, ఒక్కోదాని మీద ఒక్క గుక్క పోశాను. మర్నాడూ పోశాను. ఎవరికీ చెప్పకుండా రోజూ పోశాను. నాలుగు వారాలకు సూక్ష్మదర్శినిలో చూస్తే చేను లేదు. పెంకుల్లా బల్లపరుపుగా పడి ఉన్నాయి, బతికే ఉన్నాయి, ఒక్కదానికీ నూగు రాలేదు. ప్రొఫెసర్ రెండు నెలల పని పాడైంది. నేనే పోశానని చెప్పి, అప్రాన్ విప్పి మడతపెట్టి బల్లమీద పెట్టాను. ఆవిడ చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంది. తర్వాత చెప్పింది.

"వాటికి దాహం లేదు పిన్నీ, అడుగు నుంచి తాగుతూనే ఉన్నాయి. పైన గాలి తగిలితేనే తామేం చెయ్యాలో వాటికి తెలుస్తుంది. నువ్వు జాలిపడి ముంచేశావు."

అని అప్రాన్ నా చేతికే ఇచ్చి, రేపటి నుంచి వీటికి తిండి పెట్టే పని నీదే, నిద్రపట్టని మనిషే కావాలి దీనికి, అంది. ఇరవై నాలుగేళ్లు పెట్టాను. కింద మార్చాను, పైన ఒక్క చుక్క పడనివ్వలేదు. గాలికి వదిలిన ప్రతిసారీ నా వీపు చల్లబడేది, చేతులు మాత్రం ఆగేవి కావు.

పదీ ముప్పై ఐదు. లోపల ఏదో యంత్రం కూసి ఆగింది. అ-థోది కాదు, అ-థోది రెండు కూతలు కూస్తుంది.

అ-థో నాకు దొరికింది నా నలభయ్యో ఏట. పురపాలక కార్యాలయంలో పాత రిజిస్టర్లు తిరగేసి, రెండు సంవత్సరాలు తిరిగి, ఒక బజారు పేరు పట్టుకుని వెళ్లాను. తెల్లవారుజామున పెద్ద గుండిగ వెనక నిలబడి ఎవరినో తిడుతోంది, మా అమ్మ నుదురు, మా అమ్మ ముక్కు. నేను పేరు చెప్పి అక్కడే ఏడుపు మొదలుపెట్టాను. గంజి గిన్నె నా ముందు పెట్టి, పైన అల్లం వేసి, "తిను, తిన్నాక ఏడు, వెనక జనం ఉన్నారు," అంది. ఎన్నోసార్లు ఆ ముడి గురించి చెప్పి చేతులు పట్టుకున్నాను, ప్రతిసారీ విదిలించుకునేది. నాకేం గుర్తులేదు, నీలం గొడుగమ్మ నన్ను బాగానే పెంచింది, అనేది. ఒకసారి విసిగిపోయింది.

"నువ్వు ముడి విప్పావు కాబట్టే నడిచాను. విప్పకపోతే ఈ ఒళ్లేసుకుని ఇంకా నీ వీపు మీదే ఉండేదాన్నక్కా, నీ నడుం విరిగేది."

నవ్వాను, నమ్మలేదు. ఇలాంటి మాటలు ఊరడింపుకు అంటారు అనుకున్నాను. దాని మొగుడు పోయినప్పుడు, పిల్లలు లేరు కదా, నాతో వచ్చి ఉండమంటే రానంది. ఆస్పత్రి కాగితం మీద దగ్గరి బంధువు అని రాసిన చోట నా పేరు రాయించింది అంతే, సంతకాల పని నీది, అరిచే పని నాది, అని.

ఇప్పుడు దానికి అరవడానికి లేదు. నోట్లో గొట్టం. ఆ గొట్టం చివర, ఊపిరిగొట్టం లోపల, ఒక చిన్న బుడగ ఉంటుంది, గాలి పక్కనుంచి పోకుండా దాన్ని ఉబ్బించి ఉంచుతారు. పై-లింగ్ మొదటి రోజు బొమ్మ గీసి చూపించింది. ఆ బొమ్మ నా సంచిలో ఉంది. తీశాను. నీలి సిరాతో గొట్టం, దాని చివర కోడిగుడ్డులా బుడగ. బుడగ కింద ఊపిరితిత్తులు. చూస్తున్నాను. నూగు ఎటు ఊగుతుంది, పైకి. కఫాన్ని ఎటు తోస్తుంది, పైకి. పైకి వచ్చి ఎక్కడికి చేరుతుంది, ఈ బుడగ దగ్గరికి. అక్కడ? అక్కడ గోడ. పదమూడు రోజుల చావు, చాటింపు, వాపు అన్నీ దాటి, ఈపాటికి అ-థో లోపల పునాది కణాలు లేచి ఉంటాయి, ఖాళీలు కప్పి ఉంటాయి, అక్కడక్కడా పొట్టి నూగు మొలిచి ఊగడం మొదలుపెట్టి ఉంటుంది. ఊగి ఊగి, మోసుకొచ్చిందంతా ఆ బుడగ కింద దించి, మళ్లీ కిందికి వెళ్లి మోసుకొస్తున్నాయి. మళ్లీ గోడ. నర్సులు పైపు వేసి లాగినప్పుడు కాస్త దారి, మళ్లీ గోడ. మొదటి పది రోజులు ఆ గొట్టమే దాని ప్రాణం నిలబెట్టింది, కాదనను, ఆ యంత్రానికి నమస్కారం. కానీ మొన్న, నిన్న? మొన్న ఇంకొక్క రోజు అన్నది ఎవరు? నిన్న అన్నది ఎవరు? తుపాను గాలిలో గొడుగు విరగ్గొట్టుకుని వెళ్లి గుక్క గుక్క పోసింది ఎవరో, ఆవిడే. ఎదురుగా తలుపు మీద చెయ్యి కడుక్కోండి అన్న అక్షరాలు రెండుగా కనిపించాయి. పోనీ నా లెక్క తప్పేమో. గిన్నెలు వేరు, మనిషి వేరు, అరవై తొమ్మిదేళ్ల మనిషి వేరు. నూగు రాకపోయి ఉంటే? వచ్చినా సరిపోకపోతే? అడగడానికి ప్రొఫెసర్ లేదు, పోయిన ఏడాది కన్నుమూసింది, ఆవిణ్ని సాగనంపడానికి వెళ్లి కూడా నేను చివరి వరుసలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. డాక్టర్‌కి తెలియదా, అతను రోజూ చూస్తున్నాడు, అతను అన్నది నమ్మకం అనే కదా, నాకే కదా నమ్మకం లేనిది. దేని మీద? యంత్రం మీద ఉంది. అ-థో మీద లేదు. ఆ పచ్చ పొట్లం కూడా యంత్రం నెత్తిన పెట్టాను, యంత్రాన్నే బుద్ధిగా ఉండమన్నాను, చెల్లెలి దగ్గర ఏమీ పెట్టలేదు.

గోడ గడియారంలో పదకొండు కాలేదు, తలుపు తెరుచుకుంది. డాక్టర్ లియావ్ బూటు తాడు కట్టుకునే ఉన్నాడు. మళ్లీ గొంతుక్కూర్చోబోతే నేనే లేచి నిలబడ్డాను. చేతిలోని జామకాయ ముక్క కింద పడింది. చెప్పాల్సింది సంతకం మాట, కాని నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది:

"యంత్రం మీది పొట్లం తీసి మా అ-థో దిండు పక్కన పెట్టించండి బాబూ."

అతనూ ఈ ఊరివాడే, ఇంకేం అడగలేదు. అయితే గొట్టం తీసేద్దామంటారా, అన్నాడు. తీసెయ్యండి, నిలవలేకపోతే మళ్లీ వెయ్యండి, ముందు మాత్రం గాలి తగలనివ్వండి, అన్నాను. సంతకం పెట్టాను. నా పేరులో మొదటి అక్షరం ఎప్పుడూ వంకరపోతుంది, ఇవాళ తిన్నగా వచ్చింది.

పసుపు గౌను కట్టి నన్ను తెర ఇవతల నిలబెట్టారు. వెనక గోడ లేదు, అన్నీ మంచాలే. టేపు ఊడదీసిన చప్పుడు, పై-లింగ్ పొట్లం తీస్తోంది. ప్లాస్టిక్ గలగల. తర్వాత డాక్టర్ గొంతు, అమ్మా, బుడగలో గాలి తీసేస్తున్నాను, ఒకటి రెండు మూడు అనగానే గట్టిగా దగ్గాలి, అని. రెండు కూతలు కూసే యంత్రం ఆగింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. నా వీపు మంచుగడ్డ. ఏడేళ్ల పిల్ల స్టేషన్‌లో నిలబడి ఉంది, పళ్ల మధ్య గుడ్డ దారం ఉంది, రైలు పొగ కనిపిస్తూనే ఉంది.

దగ్గింది. గుండిగ అడుగు గరిటెతో గీకినట్టు, తడిగా, బండగా, అసహ్యంగా దగ్గింది. ఆగి, ఈలలా ఊపిరి లోపలికి పీల్చి, మళ్లీ దగ్గింది. పై-లింగ్ పైపుతో లాగుతూ, ఇంకా, ఇంకా, బాగుందమ్మా, ఇంకొకటి, అంటోంది. తెర జరిపారు. నేను అ-థో మొహం చూడాలి కదా ముందు, చూడలేదు. పైపు చివర సీసాలోకి దిగుతున్నదాన్ని చూశాను. పసుపుగా, ముద్దగా, ఒక చోట గోధుమరంగు నెత్తుటి చార. ఇదిగో, ఇవే. చాటింపు వేసి పోయినవి, చేతులు చాపి ఎత్తి వదిలినవి, వాటిని మోసుకుంటూ పైదాకా తెచ్చిన పొట్టి నూగు, పదమూడు రోజులు గోడ దగ్గర ఆగి ఆగి ఇవాళ బయటికి వచ్చినవి. ఇరవై నాలుగేళ్లు అంకెలు వేసిన గిన్నెల్లో చూశాను, ఎవరివో తెలియకుండా చూశాను. ఇవి ఎవరివో నాకు తెలుసు. నాకు తెలియకుండానే రెండు చేతులూ జోడించి ఆ సీసాకు వంగాను.

మంచం మీద నుంచి గాలి ఎక్కువా మాట తక్కువా అయిన గొంతు ఒకటి వచ్చింది.

"అక్కా... కఫానికి... దండం పెడతావేంటి."

మాట్లాడకూడదమ్మా ఇప్పుడే, అంది పై-లింగ్. అ-థో ఎప్పుడు విన్నది కనుక. ఇంకొక ఊపిరి తీసుకుని, గంజి ఎవరు కలుపుతున్నారు, అని అడిగింది, అంటే పెదాలు కదిపింది, నాకు అర్థమైంది. ఎవరూ కలపడం లేదు, నువ్వొచ్చి కలుపు, అన్నాను. మళ్లీ దగ్గు వచ్చింది దానికి. దిండు మీది పచ్చ పొట్లాన్ని, తల తిప్పడానికి అడ్డం రాకుండా, కొంచెం ఇవతలికి జరిపాను.